73939133కి రెండో కన్ను

టక్.

చేతి నంబరు మిషనును కాగితం మూల మీద ఆనించి, పిడిని అరచేత్తో ఒత్తి వదిలాడు నంబరయ్య. ఎనిమిది అంకెలు నల్లగా, తడిగా పడ్డాయి. ఇంకు పులుముకోకుండా ఎడమ చేత్తో ఆ కాగితాన్ని పక్కకు జరిపి, తర్వాతి కాగితం మీద మళ్ళీ ఆనించాడు. టక్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. అతను మనసు ఎక్కడ పారేసుకున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఈ ఉదయం మనసు నిజంగానే ఎక్కడో ఉంది.

అది పరీక్షల జవాబు పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు. పెద్ద మిషను గంటకు వేల నంబర్లు వేసుకుంటూ పోతుంది. మధ్యలో ఏ కాగితమో నలుగుతుంది, చిరుగుతుంది. కాగితం పోయినా నంబరు పోకూడదు. వరసలో ఒక్కటి తగ్గినా ఎవరో పుస్తకం దొంగిలించారని గగ్గోలు పుడుతుంది. అందుకని పాడైన ప్రతి కాగితం నంబరునూ కొత్త కాగితం మీద చేత్తో మళ్ళీ వెయ్యాలి. వేసినదాన్ని ఇంకొకరు పాతదాని పక్కన పెట్టి చూసి, సరేనంటేనే లోపలికి వెళుతుంది. ఆ మళ్ళీ వేసే మనిషే నంబరయ్య. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. జీతాల పట్టీలో అసలు పేరు చూసి ప్రెస్సువాళ్ళే ఎవరబ్బా ఈయన అనుకుంటారు.

యాభై ఏడేళ్ళు. సన్నటి మనిషి. పిడి ఒత్తీ ఒత్తీ కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం దిగింది, అరచేతి మధ్యన బొత్తామంత కాయ కాసింది. ఒంటరివాడు. వయసులో ఉండగా పెళ్ళి కుదరలేదు, కుదిరే వేళకు వయసు కుదరలేదు. ఒక గదిలో అద్దెకుంటాడు. రాత్రి భోజనం రెండు వీధుల అవతల అక్కాబావల ఇంట్లో. పొద్దస్తమానం ఇతరులు పాడుచేసిన నంబర్లను బాగుచెయ్యడమే తప్ప, తనదంటూ ఒక్క నంబరు పుట్టించింది లేదు. ఈ మాట ఎప్పుడైనా తలుచుకుంటే అతనికి కాస్త చిన్నతనంగానే ఉంటుంది.

"నంబరయ్యా, ఒకసారి ఇలా చూడు," అంది బైండింగు పిన్ని.

ప్రెస్సులో అందరికన్నా పెద్దది, అందరికీ పిన్ని. అతను వేసిన నంబర్లను రెండోసారి చూసే పని ఆవిడదే. రెండు కాగితాలు పట్టుకొచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. రెండిటి మీదా ఒకటే నంబరు.

"కవలల్ని కన్నావేంటి ఇవాళ?"

నంబరయ్య మిషను పక్కనున్న ముల్లు చూశాడు. అది రెండు మీద ఉంది. నిన్న సాయంత్రం ఏదో పనికి ఒక్కో నంబరు రెండేసిసార్లు పడాల్సి వచ్చి ముల్లు రెండుకు తిప్పాడు. మళ్ళీ ఒకటికి తిప్పడం మరిచిపోయాడు. పొద్దుటినుంచీ ప్రతి నంబరూ జంటగా పడుతూ ఉంటే, అతను కళ్ళు తెరుచుకునే చూడకుండా కూర్చున్నాడు.

"ఎన్ని ఉన్నాయి పిన్నీ?"

"పదకొండు జతలు పట్టుకున్నా. నీ చేతికిందవి నువ్వు చూసుకో. ఇన్నేళ్ళలో నీ దగ్గర ఇలాంటిది చూళ్ళేదయ్యా. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఇవాళ శనివారం కదా."

"ఓహో, మీ బావతో లెక్కలు పోల్చుకునే రోజు. ఎక్కడిదాకా వచ్చింది మీ సంఖ్య?"

"ఇవాళ్టితో ఆఖరు."

పిన్ని కాగితాలను అతని వైపు నెట్టి, "అయితే ముందు వీటి సంగతి చూడు. ఇదే ధ్యాసతో భాగహారం కూడా చేశావంటే మీ బావ తాట తీస్తాడు," అంటూ వెళ్ళిపోయింది.

ఆ సంఖ్య సంగతి ప్రెస్సులో తెలియనివాళ్ళు లేరు. పదకొండేళ్ళ కిందట కటింగు మిషను కత్తి వంకరగా తగిలి ఒక కట్టలో పై కాగితం మూల తెగిపోయింది. దాని మీద ఐదంకెలే మిగిలాయి: 73939. మిగతావి తరుగు గంపలో కలిసిపోయాయి. అప్పటికి బావ ఇదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఇద్దరూ కూర్చుని, కట్టలో ఏ నంబరు లేదో వెతికి, తెగింది 73939133 అని తేల్చారు. నంబరయ్య కొత్త కాగితం మీద టక్కుమని వేసేశాడు. మరొకరైతే అక్కడితో వదిలేసి టీకి వెళ్ళేవాళ్ళు. బావకు అంకెలు కనిపిస్తే కదపకుండా ఉండటం చేతకాదు.

"బావమరిదీ, ఈ తెగిన ముక్క చూడు. దీన్ని ఏదీ భాగించేట్టు లేదయ్యా."

సాయంత్రానికి ఆ మాట రుజువైంది. 73939 ప్రధాన సంఖ్య. అంటే ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదు. బావ చివరి తొమ్మిదిని బొటనవేలితో మూశాడు. మిగిలిన 7393 కూడా అలాంటిదే. ఇంకొకటి మూస్తే 739, ఇంకొకటి మూస్తే 73, చివరికి 7. అన్నీ ప్రధానాలే. కత్తి ఎక్కడ పడినా మిగిలిన ముక్క ముక్కలవడం లేదు.

"కుడివైపు నుంచి ఎంత కోసినా విరగట్లేదు. మరి కోయకముందు ఎలా ఉండేదో చూడొద్దూ?" అన్నాడు బావ.

అదీ మొదలు. 739391 నిలబడింది. 7393913 కూడా నిలబడింది. చివరికి మిగిలింది మొత్తం సంఖ్య, ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు. దీన్ని రెండు, మూడు, ఐదు, ఏడు అనుకుంటూ 8597 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. వెయ్యికి పైగా భాగహారాలు. ఆ పైన అక్కర్లేదు. తర్వాతి ప్రధానమైన 8599ని దానితోనే హెచ్చిస్తే మన సంఖ్యను దాటిపోతుంది. దేనితోనూ తెగకపోతే, ఏ అంకె దగ్గర కోసినా విరగని ఎనిమిదంకెల సంఖ్య వీళ్ళ చేతికి చిక్కినట్టే. దాన్ని ఇంకా పొడిగించవచ్చునా అనీ బావ ఆలోచించాడు. చివర ఒకటి చేర్చినా, ఏడు చేర్చినా మూడుతో తెగిపోతుంది. సరి అంకెలూ, ఐదూ ఎలాగూ పనికిరావు. మిగిలినవి మూడూ తొమ్మిదీ. వాటి సంగతి చూడ్డానికి ఇంకో జన్మ ఎత్తాలని నవ్వేవాడు.

ఎవరో ఫోను తీసి, అరనిమిషంలో తేల్చేస్తానన్నారు. బావ ఆ ఫోనును మర్యాదగా పక్కకు జరిపాడు. "అప్పుడు దానికి తెలిసినట్టు. మనకు తెలిసినట్టు ఎలా అవుతుంది?"

కట్టడి ఒక్కటే. వారానికి మూడు భాగహారాలు. ఎవరి కాగితం మీద వాళ్ళు, ఒకరిది ఒకరు చూడకుండా. శనివారం శేషాలు పోల్చుకోవాలి. రెండూ ఒకటైతేనే బావ పట్టీలో టిక్కు పెడతాడు. జీవితమంతా ప్రూఫులు దిద్దినవాడు, ఒక్కరి కన్ను పడినదాన్ని చూసినట్టుగా లెక్కవెయ్యడు. రెండో కన్ను పడాలి. తేడా వస్తే ఇద్దరూ మళ్ళీ చెయ్యాలి. ఒకసారి 4001 దగ్గర బావకు శేషం సున్నా వచ్చింది. రెండు రోజులు ఆయనకు ముద్ద దిగలేదు. అక్క అది చూసి, "ఎవరు పోయారని ఈ ఏడుపు?" అని గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ సర్దింది. మూడో రోజు తీసివేతలో తప్పు దొరికింది. శేషం 653 అని తేలాక, బావ ఆ రెండు రోజుల భోజనం కూడా కలిపి తిన్నాడు.

అక్కకు ఈ వ్యవహారం మొదటినుంచీ గిట్టదు. బట్టలు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. ఆవిడ దృష్టిలో కొలత అంటే చొక్కాకో లంగాకో పనికొచ్చేది. "ఆ సంఖ్య విరిగితే మీకేం పోయింది, విరక్కపోతే మీకేం వచ్చింది?" అనేది. దానికి జవాబు నంబరయ్యకు తెలుసు కానీ పైకి చెప్పడానికి సిగ్గు. పాడవని నంబరు ఒక్కటి ఈ చేతుల మీదుగా పోయిందని తెలుసుకుంటే చాలు అనిపించేది.

నాలుగు నెలలుగా బావ గుండె బాగా నీరసించింది. మెట్లు దిగడం మానేశాడు. పోయిన శనివారం నంబరయ్య లేచి వస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే వారం మూడు. 8573, 8581, 8597. అంతటితో సరి. నేనుండగా రెండో కన్ను పడిపోవాలి బావమరిదీ. ఆ తర్వాత నువ్వొక్కడివే చేసి సరే అనుకున్నా, అది సరే అవదు."

"ఊరుకో బావా. ఏం మాటలవి," అన్నాడు నంబరయ్య. ఆ మాటలే వారమంతా చెవిలో గింగురుమంటున్నాయి. మొదటి రెండిటినీ వారం మధ్యలోనే చెయ్యవలసినవాడు, చేతులు రాక ఈ రోజుదాకా తెచ్చుకున్నాడు. అవి చేస్తే ఇంక ఏమీ మిగలవు. చెయ్యకపోతే బావ ఎదురుచూస్తాడు.

మధ్యాహ్నం డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, కటింగు మిషను కింద పడిన తరుగు ముక్క ఒకటి తీసుకున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉండే ఆ ముక్కలు భాగహారానికి భలే అనువు. కిందికి దిగుతూ పోవడమే. 8573తో భాగిస్తే శేషం 5581. 8581తో 5237. ఒక్కోదాన్నీ రెండేసిసార్లు చేశాడు. రెండుసార్లూ అవే వచ్చాయి. ముక్కలు మడిచి జేబులో పెట్టుకుని, పొద్దున పుట్టిన కవలల పని పట్టాడు. ముల్లు ఒకటికి తిప్పాడు. తిప్పానా లేదా అని మూడుసార్లు చూసుకున్నాడు.

సాయంత్రం టీ వేళకు అందరూ బయటికి వెళ్ళారు. అతను కదల్లేదు. చివరి తరుగు ముక్క మీద 8597 రాశాడు. 73939లో 8597 ఎనిమిదిసార్లు. 68776 తీసేస్తే 5163. పైనుంచి ఒకటి దించితే 51631. ఆరుసార్లు. 51582 తీసేశాడు.

49.

ఎనిమిది వేల పైచిలుకు సంఖ్య తింటూ తింటూ వచ్చి, చివరికి నలభై తొమ్మిది మిగిల్చింది. పదకొండేళ్ళు, వెయ్యికి పైగా భాగహారాలు గట్టెక్కి, ఆఖరిదానితో తెగిపోతుందా? చెమట పట్టిన వేళ్ళతో మూడు దించాడు. 493. చాలదు. ఇంకో మూడు దించాడు. 4933. ఇదీ చాలదు. దించడానికి పైన ఇంకేమీ లేదు. 8597 ఎంత పెద్దదో, 4933 దానికన్నా ఎంత చిన్నదో కాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఒళ్ళంతా తేలికైపోయి, ఎవరూ లేరు కదా అని పిచ్చివాడిలా నవ్వుకున్నాడు.

ప్రెస్సు మూసే వేళకు గబగబా బయటపడ్డాడు. వీధి చివర చెప్పులు కుట్టే అతను పెట్టె సర్దుకుంటున్నాడు. ఇంకా వెలుతురు పోలేదు. అక్కావాళ్ళది మూడో అంతస్తు. మామూలుగా రెండో మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేవాడు, ఇవాళ ఆగకుండా ఎక్కేశాడు.

బావ కిటికీ పక్కన వాలుకుర్చీలో ఉన్నాడు. మెడదాకా దుప్పటి. ఒడిలో రాసుకునే అట్ట, దానికి క్లిప్పు పెట్టిన తెల్లకాగితం. చిక్కిపోయిన ముఖంలో కళ్ళు మాత్రం తళతళలాడుతున్నాయి.

"ఎంతసేపయ్యా. రెండు చేసి కూర్చున్నా. చెప్పు, 8573."

"ఐదు వేల ఐదు వందల ఎనభై ఒకటి."

బావ టిక్కు పెట్టాడు. "ఎనభై ఒకటి ఎనభై ఒకటే. 8581?"

"ఐదు వేల రెండు వందల ముప్ఫై ఏడు."

ఇంకో టిక్కు. వంటగదిలోంచి అక్క, "వచ్చావా? కాళ్ళు కడుక్కో. ఆ రెండిటి కోసం పొద్దుటినుంచీ ఒక్క గుక్క నీళ్ళు తాగలేదు మీ బావ," అని కేకేసింది.

"ఆఖరిది నీది అయిందా?" అన్నాడు బావ.

"అయింది."

"చెప్పకు. నాకు ఇప్పటిదాకా చెయ్యి సాగలేదు, ఇప్పుడు చేస్తా. నువ్వు ఆ కిటికీవైపు తిరుగు. నీ మొహం చూస్తే నాకు శేషం తెలిసిపోతుంది."

నంబరయ్య నవ్వుతూ తిరిగాడు. కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తున్నాయి. ఒకావిడ వాటిని ఒక్కొక్కటే తీసి మడుస్తోంది. వెనక పెన్సిలు గరగరలాడింది. ఆగింది. మళ్ళీ గరగరలాడింది. ఎనిమిదిసార్లు తీసేసి ఉంటాడు, అనుకున్నాడు. కాసేపటికి ఇంకో చిన్న గీత. ఒకటి దించాడు. ఇప్పుడు ఆరుతో హెచ్చిస్తాడు. ఆ నలభై తొమ్మిదిని చూసి ఎలా ఉలిక్కిపడతాడో అని లోపల్లోపల సంబరంగా ఉంది.

పెన్సిలు ఆగింది. బావ ఆరో ఎక్కం నోటికే చేస్తాడు, కాగితం మీద వెయ్యడు. నంబరయ్య ఎదురుచూశాడు. ఎదుటి మేడ మీద ఆవిడ దుప్పట్లన్నీ తీసేసి బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. తిరిగి చూద్దామనిపించింది. కానీ తన ముఖం నిండా ఆ సంబరమే ఉంది. చూస్తే తెలిసిపోతుంది. తిరగలేదు.

అక్క రెండు గ్లాసులతో వచ్చింది. గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఏవండీ," అంది. మళ్ళీ కాస్త మెల్లగా, "ఏవండీ."

"తమ్ముడూ, ఇటు తిరుగు," అంది.

వీధి చివర ఉండే డాక్టరు వచ్చి, నాడి చూసి, అక్క భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు. చాలా సునాయాసంగా వెళ్ళిపోయారన్నాడు. బంధువులకు కబుర్లు వెళ్ళాయి. పక్కింటివాళ్ళు సాయంపట్టి బావను మంచం మీద పడుకోబెట్టారు. అందరూ వచ్చేలోపు కాసేపు ఇంట్లో ఇద్దరే మిగిలారు. నంబరయ్య గోడకు చేరగిలబడి ఏడ్చాడు. తను అటు తిరిగి నిలబడి ఉండగా, చేతికందేంత దూరంలో ఆయన వెళ్ళిపోయాడన్నది అతనికి మింగుడు పడటం లేదు. అక్క ఏడవలేదు. వాలుకుర్చీ ముందు నేల మీద కూర్చుని, అట్ట ఒళ్ళోకి తీసుకుంది.

"ఎక్కడిదాకా చేశాడురా?"

అతను కళ్ళు తుడుచుకుని చూశాడు. పైన భాగఫలంలో ఎనిమిది. కింద 68776 తీసేసి 5163. పక్కన దించిన ఒకటి. అంతే.

"నీకు ఎంత వచ్చిందో..." అని ఆవిడే మళ్ళీ, "వద్దు, చెప్పకు," అంది.

"అక్కా, ఇప్పుడెందుకు."

"పదకొండేళ్ళు ఈ ఇంట్లో నాకు దీని మాటలు తప్ప వేరే మాటలు వినిపించలేదు. సగంలో వదిలేసి పోయాడంటే ఆయనకే నామోషీ. ఇందులో నీ కన్ను పడిందా?"

"పడింది."

"అయితే ఇంకోటి కావాలి. పెన్సిలు అక్కడ కుర్చీ కింద పడింది, అందుకో."

ఆవిడ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కాగితం మూలన 8597 వేసి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఐదుతో హెచ్చించింది. చాలలేదని తెలిసి కొట్టేసింది. ఆరుతో హెచ్చించింది. పెదవులు కదులుతున్నాయి. 51582. పైన ఎనిమిది పక్కన ఆరు వేసింది. తీసివేత నిదానంగా చేసింది. ఒక్కో అంకెనూ రెండుసార్లు సరిచూసుకుంది.

"తమ్ముడూ. నలభై తొమ్మిదే మిగిలింది."

ఆవిడ ముఖంలో రంగు పోయింది. ఇంతసేపూ ఏడవని మనిషి కళ్ళల్లో ఇప్పుడు నీళ్ళు నిలిచాయి. "విరిగిపోతోందేమో కదరా ఇది," అంది. నంబరయ్య పళ్ళు బిగించి గోడవైపు తిరిగాడు. లేదక్కా అనే మాట గొంతుదాకా వచ్చింది. అక్క బాధపడుతుంటే జవాబు దగ్గర పెట్టుకుని ఊరుకోవడంకన్నా కష్టమైన పని అతనికి ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో తగల్లేదు.

పెన్సిలు నెమ్మదిగా కదిలింది. ఒక మూడు దిగింది. ఇంకో మూడు దిగింది.

"నాలుగు వేల తొమ్మిది వందల ముప్ఫై మూడు," అంది అక్క. "ఇంక పోదు. పోదు కదూ?"

"పోదక్కా. నాక్కూడా అంతే వచ్చింది."

ఆవిడ పెన్సిలు నేల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. మెట్ల మీద ఎవరివో అడుగుల చప్పుడు వినిపించింది. నంబరయ్య అట్ట తీసి చూశాడు. భాగఫలం 8600 కావాలి. చివరి రెండు సున్నాలు వెయ్యడం ఆవిడకు తెలియలేదు. శేషానికి దానివల్ల లోటేమీ లేదు. పెన్సిలు చేతిలోకి తీసుకుని, ఆలోచించి, మళ్ళీ కింద పెట్టేశాడు. అక్కను లేవదీసి, వచ్చినవాళ్ళకు తలుపు తీయడానికి వెళ్ళాడు.

వాలుకుర్చీలో ఆ అట్ట ఉంది, దాని మీద బావ సన్నగా వేసిన ఎనిమిది, పక్కనే అక్క లావుగా వేసిన ఆరు, ఆ తర్వాత రెండంకెలు పట్టేంత ఖాళీ.